మందు మీద మందు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము)



సుబ్బారావుగారి పేర జరుగు ఉపన్యాసమనగానే, బోదకాలునకు విరుగుడుగా ఆయన పరిశోధనాలయమున పుట్టిన హెట్రజానును గూర్చియో, పసిబిడ్డల రక్తక్యాన్సరును తొలిసారి వెనుకకు మరలించిన అమినాప్టెరినును గూర్చియో నేను మాటాడుదునని పలువురు తలచి వచ్చియుందురు. నేను ఎన్నుకొన్న విషయము వాని చెంత మిక్కిలి చిన్నదిగా తోచును. ఛాతీలో మంటకును పుల్లని త్రేన్పులకును వాడెడి మాత్రను వేసుకొని మద్యము త్రాగవచ్చునా అనునదే నా విషయము. ఇరువది యేండ్లకు పైగా ఈ మాదాపూరు పరిసరములందే వైద్యము చేయుచున్న నాకు ఇంతకంటె తరచుగా ఎదురైన ప్రశ్న లేదు. ఇంతకంటె తొందరపడి నేను బదులు చెప్పిన ప్రశ్నయు లేదు. ఆ తొందరపాటు ఒకరి పాలిటికి కీడైనది. ఆ సంగతి సమయము వచ్చినప్పుడు మనవి చేసెదను.

మన భాషలో మందు అను మాట ఔషధమునకును చెల్లును, మద్యమునకును చెల్లును. ‘మందు వేసుకొన్నావా’ అని తల్లి యడిగిన నొక యర్థము, చెలికాడు అడిగిన వేరొక యర్థము. పలుకుబడిలో ఎన్నడో కలిసిపోయిన ఈ రెంటిని నేటి మన పిల్లలు కడుపులో కూడ కలుపుచున్నారు. ఉదయమున నొక మందు, రాత్రి నొక మందు, మరునాటి యుదయమున మరల మొదటి మందు. ఈ చక్రము ఎట్లు తిరుగుచున్నదో చూచుట నేటి నా పని.

1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన సుబ్బారావుగారి జీవితమును మలచినది కడుపు జబ్బేయని నా నమ్మకము. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి ఆయన సోదరులనిద్దరిని స్వల్పవ్యవధిలో పొట్టన పెట్టుకొన్నది. ఆయనయు దాని బారిన పడి, మద్రాసున ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన బ్రతికి బయటపడెను. ఆ మనుజుడే 1923లో బోస్టను చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి పనిచేసి, 1929లో జీవకణముల శక్తికి మూలధనమైన ఏటీపీ యను పదార్థమును వెల్లడించెను. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని వేరుగా కనుగొనెను. ఏటీపీతో ఈనాటి విషయమునకు నేమి సంబంధమందురేమో. ఆమ్లమును స్రవింపజేయు జీర్ణాశయకణములు శరీరమునందలి మిక్కిలి శ్రమజీవులలోనివి. రక్తమునందలి గాఢతకంటె పదిలక్షల రెట్లకు మించి హైడ్రోజన్ అయానులను అవి కడుపులోనికి ఎత్తిపోయవలెను. లోతు బావినుండి నీరు తోడినట్లున్న ఈ పనికి ఖర్చగు కూలి యంతయు ఏటీపీయే. ఆ తోడుయంత్రమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్రోటాన్ పంపు. నేడు మన చొక్కాజేబులలో నున్న మాత్ర ఆపునది ఆ పంపునే.

సుబ్బారావుగారు ఏటీపీని ప్రకటించిన ఆ 1929లోనే, ఆ బోస్టను నగరముననే, కెన్నెత్ మాలొరీ, సోమా వైస్ అను వైద్యులిద్దరు, మితిమీరి త్రాగి, తెరలుతెరలుగా వాంతిచేసికొని, ఆ ఒత్తిడికి అన్నవాహిక జీర్ణాశయమును చేరుచోట పొర చినిగి నెత్తురు కక్కిన పదునైదుగురు రోగుల వృత్తాంతమును ప్రచురించిరి. ఆ చీలికను నేటికిని మాలొరీ–వైస్ చీలిక యనియే పిలుచుచున్నాము. ఒకే యేడు, ఒకే ఊరు: ఒకచోట ఆమ్లపు పంపును నడపు శక్తి బయటపడినది, వేరొకచోట మద్యము జీర్ణాశయపు ద్వారముననే చేయు గాయము బయటపడినది. ఈ కూడిక తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు విస్మయము కలుగును.

ఇక మన ఊరి మాట. నేను వైద్యవిద్యార్థిగా నున్నప్పుడు మాదాపూరనగా బండరాళ్లును, సీతాఫలపు పొదలును, దుర్గం చెరువును. 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. దానికి కొలది యేండ్ల ముందటి చరిత్రను గూడ మనము మరువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేవదీసిన పోరాటము రాష్ట్రమంతట అలముకొని, 1993 అక్టోబరులో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. ఆ నిషేధము 1997లో సడలినది. మరుసటి యేట సైబర్ టవర్స్ తలుపులు తెరచుకొన్నవి. ఒకదానికి మరియొకటి కారణమని నేననుటలేదు. అయినను, మగని చేతి సారాసీసాను లాగి నేలకు కొట్టిన తల్లుల బిడ్డలలో కొందరు, పెద్ద చదువులు చదివి, ఈ అద్దాల మేడలలో కొలువు సంపాదించి, మద్యమును కొలువునకు తగిన మర్యాదగా భావించు స్థితికి ఇంత త్వరలో వచ్చిరే యను చింత నన్ను విడువదు. గుడిసెలో త్రాగినది సారాయై, గచ్చిబౌలిలో త్రాగినది ‘సోషల్ డ్రింకింగ్’ అయినంత మాత్రమున కాలేయము రెంటికి భేదము పాటింపదు.

ఇచ్చటి కొలువుల కాలగతి వేరు. వేసవిలో మనకు సాయంకాలము ఆరున్నర యగుసరికి న్యూయార్కున ఉదయము తొమ్మిది గంటలు. మనకు అలసట మొదలగు వేళ వారికి పని మొదలగును. రాత్రి పదిగంటలవరకు ‘కాల్’, పిదప భోజనము, భోజనమైన వెంటనే పడక. వారాంతమున గాని, ఒక ‘రిలీజు’ ముగిసిన నాడు గాని, జట్టంతయు కలిసి కొండాపూరునందో జూబ్లీహిల్సునందో చేరి, చికెన్ సిక్స్‌టీఫైవ్, అపోలో ఫిష్ మంచింగుగా, బీరుతో మొదలిడి విస్కీతో ముగించి, అర్ధరాత్రి దాటిన పిదప బిర్యానీ తిని, రెండు గంటలకు నిద్రపోవుదురు. తెల్లవారుజామున గొంతువరకు పుల్లని నీరెగదన్ని లేచి కూర్చుండిన యువకుడు నా యొద్దకు వచ్చును. వచ్చి యడుగును: “సార్, నేను పొద్దున పాన్ ఫార్టీ వేసుకుంటా. ఫ్రైడే రాత్రి రెండు పెగ్గులేస్తే రియాక్షనేమన్నా అవుతుందా? లేదా పార్టీకి ముందే ఇంకోటి వేసుకోమంటారా?”

ఈ రెండవ ప్రశ్నయందే వ్యాధి యంతయు నున్నది. ఆ మాటకు తరువాత వచ్చెదను. ముందు మాత్ర కథ.

కడుపులోని ఆమ్లము హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌట్ నిరూపించినది మొదలు నూట యేబది యేండ్లవరకు, ఆ ఆమ్లమును పుట్టిన తరువాత సున్నపుముక్కతోనో సోడాఉప్పుతోనో చల్లార్చుట తప్ప, పుట్టకుండ ఆపు నుపాయము ఎవరికిని సరిగా తెలియదు. జేమ్స్ బ్లాక్ పరిశోధన ఫలముగా 1976లో బ్రిటనున సిమెటిడిన్ వచ్చినది. పిదప రానిటిడిన్ వచ్చి మన దేశమున ఇంటింటి మాత్రయైనది. బ్లాకునకు 1988లో నోబెల్ బహుమానము లభించినది. ఆ యేడే స్వీడనునుండి ఒమెప్రజోల్ వెలువడి, పంపును నేరుగా బంధించు మాత్రల వంశమునకు మూలపురుషుడైనది. ఆ యువకుడు పాన్ ఫార్టీ యన్న పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ అన్నియు దాని సంతతియే. బాలానగరులోని ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారి సంస్థ ఈ ఒమెప్రజోలునే ‘ఓమెజ్’ పేర తయారుచేసి, సామాన్యునికి అందుబాటులోనికి తెచ్చినది. ఇది మన హైదరాబాదు గర్వింపదగిన విషయము. కడుపుపుండ్లకు పొట్ట కోయవలసిన దినములను చూచిన వైద్యుల వద్ద చదువుకొన్నవాడను. ఈ మాత్రలు చేసిన మేలును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు.

అయితే ఈ మాత్ర స్వభావము చిత్రమైనది. మ్రింగిన రూపమున నది నిద్రాణము. ప్రేగునుండి రక్తమునకు చేరి, రక్తము ద్వారా ఆమ్లకణమును చేరి, అచ్చట ఆమ్లము తగిలినప్పుడే మేల్కొని, పనిచేయుచున్న పంపును గట్టిగా పట్టుకొని విడువదు. రక్తములో నది యుండునది కొన్ని గంటలే. పట్టుకొన్న పట్టు మాత్రము క్రొత్త పంపులు పుట్టువరకు నుండును. పనిచేయని పంపులను అది పట్టుకొనలేదు. కావుననే పరగడుపున, ఉపాహారమునకు అరగంట ముందు వేసికొమ్మని చెప్పెదము: భోజనమునకు పంపులన్నియు మేల్కొను వేళకు మాత్ర అచ్చట కాచుకొని యుండవలెను. పూర్తిఫలము కనబడుటకు కొన్ని దినములు పట్టును. హైటెక్ సిటీ మెట్రో దిగి, పార్టీకి పోవు త్రోవలో మెడికల్ షాపున నొక మాత్ర కొని మ్రింగినవాడు, ఆ రాత్రి కడుపుకంటె ఎక్కువగా తన మనస్సునకే మందు వేసినవాడగును.

మద్యము వైపు చూడుడు. అన్నవాహిక దిగువను కండరపు కట్టు ఒకటి కలదు. అన్నము లోనికి పోనిచ్చి మరల మీదికి రానీయకుండుట దాని పని. మద్యము ఆ కట్టును సడలించును. పైకి వచ్చిన ఆమ్లమును క్రిందికి నెట్టవలసిన అన్నవాహిక కదలికను మందగింపజేయును. లాలాజలము మ్రింగి మంట చల్లార్చుకొనుటకు మేల్కొనవలసిన మనిషిని మొద్దునిద్రలో పడవేయును. బీరు ‘చలువ’ యని మనవారిలో గట్టి నమ్మకము కలదు. ‘సార్, నేను హాటు మానేశాను, బీరే’ అని మేలు చేసినట్లు చెప్పువారెందరో. పరిశోధనలు తేల్చినది దీనికి విరుద్ధము. పులియబెట్టి చేసిన బీరు, ద్రాక్షసారా గ్యాస్ట్రిన్ అను హార్మోనును, దానితోపాటు ఆమ్లమును మిక్కుటముగా నూరించును. వాటిని మరల బట్టీపట్టి తీసిన విస్కీ వంటివాని కీ గుణము అంతగా లేదు. విస్కీ మేలని నేను చెప్పుటలేదు సుమా; దానిలోని మద్యపు ఘాటు పొరను నేరుగా దహించును. మాత్ర పంపును ఆపుచున్నది, బీరు పంపును తట్టి లేపుచున్నది, మద్యము తలుపు గడియ తీయుచున్నది. ఆమ్లము తగ్గినను గడియ తీసిన తలుపునుండి పైత్యరసమో, తిన్న యన్నమో మీదికి వచ్చుటను ఏ పంపుమాత్రయు ఆపలేదు.

‘రియాక్షనగునా’ అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను గదా. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి పంపుమాత్రలకును మద్యమునకును రక్తములో ప్రత్యక్షమైన వైరము లేదు. ఒకనాడు ఒక గ్లాసు త్రాగినంతనే విషమై కూలిపోవుదురను భయము నిరాధారము. అబద్ధపు భయముతో మంచి పని చేయింపబూనుట నాకు సమ్మతము కాదు. ఆ భయము అబద్ధమని తెలిసిన మరునాడు వైద్యుడు చెప్పిన నిజములు గూడ గాలికి పోవును. పాత మాత్రల విషయమున నొక వివాదము నడచినది. మద్యములో కొంతభాగము కాలేయమును చేరక మునుపే కడుపు పొరలోని ఎంజైము వలన విరిగిపోవుననియు, రానిటిడిన్ ఆ ఎంజైమును అణచుట చేత, చిరుతిండితో కొద్దిగా త్రాగినవారి రక్తములో మద్యపరిమాణము మూడవవంతు హెచ్చెననియు న్యూయార్కునందలి చార్ల్స్ లీబర్ బృందము 1992లో ప్రకటించినది. పిదప పరిశోధించిన పలువురకు ఆ హెచ్చు స్వల్పముగానే కనబడినది. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాముల మద్యమే మన మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను విధించిన హద్దు. ఆ హద్దు దగ్గర నున్నవానికి స్వల్పమును స్వల్పము కాదు. అయితే రానిటిడిన్ కథ వేరొక కారణమున ముగింపునకు వచ్చినది. ఎన్‌డీఎంఏ యను మాలిన్యము కనబడుటచే అమెరికా 2020 ఏప్రిలులో దానిని అంగళ్లనుండి తొలగింపుమన్నది, మన అత్యవసర ఔషధముల పట్టికనుండి 2022లో అది తొలగినది.

నిజమైన వైరము ఎచ్చట నున్నదనిన, గ్యాస్ మాత్రయను పేరు క్రింద దాగిన తోడుమందులలో నున్నది. పంపుమాత్రతో జతకట్టి వచ్చు డాంపెరిడోన్ గుండె లయను కొందరిలో చెదరగొట్టగలదు. మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ మత్తును పెంచును. కడుపునొప్పికి, ఉబ్బరమునకు వ్రాయు క్యాప్స్యూలులు కొన్నింటిలో క్లోర్డయాజెపాక్సైడ్ అను మత్తుమందు చిన్నమోతాదులో నుండును. దానిపై రెండు పెగ్గులు పడినచో ఊపిరి మందగించు అపాయము కలదు. ఆ క్యాప్స్యూలు మ్రింగిన యువకునికి అందులో మత్తుమందు కలదని చెప్పినవారెవరు? హెలికోబాక్టర్ క్రిమిని చంపుటకు ఇచ్చు మెట్రోనిడజోల్, టినిడజోల్ ఉన్నచో మద్యమును పూర్తిగా విడువవలెను. వాంతులు, దడ, ముఖము జేవురించుట కలుగవచ్చును. త్రాగిన మరునాడు తలనొప్పికి డైక్లోఫెనాక్ మ్రింగువారు కడుపున రక్తస్రావమును చేతులార పిలుచుకొందురు. కావున మాత్ర వేసికొనువాడు బ్రాండుపేరు కాదు, అట్ట వెనుకనున్న చిన్నయక్షరములు చదువవలెను.

ఇప్పుడు ఆ రెండవ ప్రశ్న. ‘పార్టీకి ముందే ఇంకోటి వేసుకోమంటారా?’ దీనికి బదులు చెప్పుటకు ముందొక పాత కథ.

1822లో అమెరికాలోని మాకినాక్ ద్వీపమున అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి పొట్టలో తుపాకిదెబ్బ తగిలి, గాయము మానినను కడుపులోనికి రంధ్రము నిలిచిపోయినది. విలియం బోమంట్ అను సైనికవైద్యుడు ఏండ్లతరబడి ఆ రంధ్రము ద్వారా సజీవమైన కడుపును కన్నులార చూచి, తన పరిశీలనలను 1833లో గ్రంథముగా వెలువరించెను. ఆ గ్రంథములో నా మనస్సున నాటుకొన్న ఘట్టమొకటి కలదు. సెయింట్ మార్టిన్ కొన్నిదినములు యథేచ్ఛగా మద్యము త్రాగిన పిదప బోమంట్ లోపల చూడగా, పొర యెర్రనై, అచ్చటచ్చట పుండ్లవంటి మచ్చలు కనబడినవి. కాని సెయింట్ మార్టిన్ నొప్పి యున్నదని గాని, నలతగా నున్నదని గాని చెప్పలేదు. కడుపు ఎర్రబడినను మనిషికి తెలియలేదు! ఆనాడు మంటను అణచు మాత్రయు లేదు. మాత్ర లేకయే దేహము ఇంత మౌనము వహింపగలదన్నచో, మాత్రతో మరియెంత మౌనము వహించునో యూహింపుడు.

మద్యము వలన చెడు అవయవములలో కాలేయమునకు నోరు లేదు. చాలభాగము చెడువరకు అది మూల్గదు. క్లోమము మూల్గినప్పుడు ఆసుపత్రిలో చేరవలసినంతగా మూల్గును; అంతకు ముందు సద్దు చేయదు. అన్నవాహిక క్యాన్సరు మింగుడు పడనప్పుడు గాని బయటపడదు. నోరున్నది ఒక్క కడుపునకే. మొదటి పెగ్గుల నాడే అది పుల్లని నీటితో, మంటతో, త్రేన్పులతో మొరపెట్టును. ఆ మొర కడుపొక్కదానిది కాదని నా మనవి. నోరులేని వారందరి తరపున అది పెట్టిన మొర. పంపుమాత్ర ఆ నోరు మూయును. ఆమ్లము చేసిన పుండును అది నిజముగా మాన్పును, సందేహము లేదు; కాని కాలేయముపై పడు మద్యమును ఒక్క చుక్కయైనను తగ్గింపదు. తగ్గింపకపోగా, మంట లేదు గనుక మూడవ పెగ్గునకు త్రోవ తీయును. మద్యము క్యాన్సరుకారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ 1988లోనే నిర్ధారించినది. ఆ నిర్ధారణను ఏ మాత్రయు రద్దుచేయలేదు.

ఇక నా తొందరపాటు సంగతి. ఆ రోగి పేరు, ఊరు, కొలువు చెప్పను. మొదట నా యొద్దకు వచ్చినప్పుడు ముప్పది యొకటవ యేట నున్నాడు. ప్రక్కన తల్లియు భార్యయు కూర్చుండిరి. ఛాతీలో మంటయనెను. బయట ఇరువదిమంది కాచుకొని యున్నారు. పాంటోప్రజోల్ వ్రాసి, కారము తగ్గింపుమని చెప్పి పంపితిని. త్రాగుడు అలవాటు కలదా యని నేనడుగలేదు. తల్లి యెదుట అతడు చెప్పలేదు. మంట తగ్గినది. నా చీటీనే చూపి, పిదప చీటీ లేకయే, ఆరేండ్లు అతడు ఆ మాత్రను కొనుచు, వారమున కొకసారి త్రాగునది నాలుగుసార్లు త్రాగుచు వచ్చెను. ఆరవ యేట ఒక యుదయమున భార్య అతని కన్నుల పచ్చదనము చూచినది. పొట్టలో నీరు చేరినది, పాదములు పొంగినవి. సిర్రోసిస్. పరీక్షల కాగితములు నా బల్లపై నుండగా అతడన్న మాట ఇది: “ఆరేళ్లలో ఒక్కసారి కూడా మంట రాలేదు కదా సార్. కడుపు బాగానే ఉందనుకున్నా.”

ఆ మాట విన్ననాడు నేను భోజనము చేయలేకపోతిని.

ఇది అతని యొక్కని కథ కాదు. జీర్ణకోశవైద్యమునకు దేశమంతయు హైదరాబాదు వైపు చూచుచున్న కాలమిది. ఆ శాస్త్రమున చేసిన కృషికి డి. నాగేశ్వరరెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ లభించినది. ఆ 2025లోనే, వారి ఏఐజీ ఆసుపత్రి వైద్యులును హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులును కలిసి, ఈ నగరపు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి ప్రకటించిన దేమనిన, వారిలో 84 శాతమునకు కాలేయమున కొవ్వు అధికముగా నున్నది, 71 శాతమునకు స్థూలకాయమున్నది. ఆ పరిశీలన లక్ష్యము మద్యము కాదు. కదలక కూర్చుండు కొలువు, తిండి, నిద్ర చెడిన దేహముల స్థితి. అనగా, మద్యము మాట యటుంచినను, మన పిల్లలలో పెక్కుమంది కాలేయములు బరువెక్కి యున్నవి. శుక్రవారపు పెగ్గు పడునది ఆరోగ్యమైన కాలేయముపై కాదు. సిర్రోసిస్ ముదిరినవారిలో పంపుమాత్రలు అనవసరముగా వాడిన పొట్టనీటిలో క్రిములు చేరుటకును, మెదడు మసకబారుటకును అవకాశము హెచ్చునని పలు పరిశీలనలు సూచించినవి. మొదట నోరు మూసిన మాత్రయే తుదకు రోగి మీదికి తిరుగుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

ఇచ్చట సుబ్బారావుగారు మరల జ్ఞప్తికి వత్తురు. తన సోదరులను మ్రింగిన స్ప్రూలో లోపించు పోషకములలో ముఖ్యమైన ఫోలిక్ ఆమ్లమును, 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిన పిదప, ఆయన బృందమే కృత్రిమముగా తయారుచేసినది. చిరకాలము త్రాగినవారిలో క్షీణించు పోషకము గూడ ఆ ఫోలికామ్లమే. పంపుమాత్ర చిరకాలము వాడినచో బి12 విటమిను, మెగ్నీషియము తగ్గవచ్చును. మద్యము మెగ్నీషియమును మూత్రమున పోగొట్టును. కాళ్లు గుంజుట, నీరసము, అరికాళ్ల తిమ్మిరి, గుండెదడ యని వచ్చెడి ముప్పదియేండ్లవారిని, పనియొత్తిడియని సరిపెట్టక, ఈ రెండు మందుల లెక్క అడుగవలసియున్నది.

మన పూర్వులు కడుపుమంటను, మద్యరోగమును ఎరుగనివారు కారు. మాధవనిదానము అమ్లపిత్తమునకు ప్రత్యేకాధ్యాయము కేటాయించినది. చరకసంహిత చికిత్సాస్థానము మదాత్యయమునకు వేరొక యధ్యాయమునే యిచ్చినది. రెండు రోగములను ఒకే దేహమున, ఒకే రాత్రి పోషించుట మాత్రము మన కాలపు సంపాదన.

మాత్ర వాడువారితో నేను ఇప్పుడు చెప్పునది కొంచెమే. మంటకు మాత్ర అవసరమైన ఎనిమిది వారములు పరగడుపున వాడుడు, ఆ వారములలో త్రాగకుడు.  ఏండ్లతరబడి వాడిన మాత్రను ఒక్కసారిగా మానకుడు. అణగియున్న పంపులు ఒక్కుమ్మడిగా లేచి, ఆమ్లము మునుపటికంటె పెల్లుబుకును, ఆ మంటకు జడిసి మరల మాత్రనే ఆశ్రయింతురు. మెల్లగా తగ్గించుకొనవలెను. రాత్రి భోజనమునకును పడకకును మూడు గంటల యెడముండవలెను. విరేచనము తారువలె నల్లబడినను, ముద్ద గొంతు దిగకపోయినను, కారణము లేక బరువు తగ్గినను, వాంతిలో నెత్తురు కనబడినను, ఆనాడు మాత్ర కాదు, వైద్యుడు కావలెను. రోజూ త్రాగువారు మానదలచినచో, వైద్యునికి చెప్పి మానుడు. హఠాత్తుగా మానిన వణకు, ఫిట్లు రాగలవు.

నేను మార్చుకొన్నది కూడ చెప్పవలెను. ఇప్పుడు ఛాతీమంటయని వచ్చిన ప్రతివానిని, వెంటవచ్చిన పెద్దలను కొంతసేపు బయట కూర్చుండుమని మర్యాదగా వేడుకొని, ఒంటరిగా అడుగుచున్నాను. స్త్రీలను గూడ అడుగుచున్నాను; ఆడపిల్లలను అడుగుట తప్పని తలచి ఎందరి విషయమునో నేను తెలిసికొనలేదు, సమానమైన పెగ్గునకు వారి రక్తమున మద్యము ఎక్కువ చేరునన్న శాస్త్రము తెలిసియుండియు. ఎంత త్రాగుదురని యడుగను. గడచిన శుక్రవారము ఎన్ని గంటలకు మొదలిడిరి, ఎన్నింటికి లేచిరి, ఏమేమి పోసికొనిరి యని యడుగుదును. మొదటి ప్రశ్నకు అందరును ‘అప్పుడప్పుడు సార్’ అందురు. రెండవ ప్రశ్నకు నిజము బయటికి వచ్చును. పట్టునది నాలుగు నిముసములు. ఆనాడు ఆ నాలుగు నిముసములు నా యొద్ద లేవనుకొంటిని.

ఆ రోగి బ్రతికియున్నాడు. త్రాగుడు పూర్తిగా మానినాడు. నీరు తీసినది, కన్నులు తెల్లబడినవి, కాలేయము తనకు మిగిలిన భాగముతో పని చేయుచున్నది. మాత్రను నెలల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించి మాన్పించితిమి. మొన్న వినాయకచవితినాడు పులిహోర కాస్త ఎక్కువ తిన్నాడట. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసెను. “సార్, చాలా రోజులకి మంట వచ్చింది. ఇంట్లో మాత్ర ఉంది, వేసుకోలేదు. ముందు మీకు చెబుదామని.” ఏమి తిన్నావు, ఎప్పుడు తిన్నావు, విరేచనము రంగెట్లున్నది యని నేనడుగుచుండగా, వెనుకనుండి ఆయన భార్య ఒక్కొక్క ప్రశ్నకు తానే బదులు చెప్పుట నాకు వినబడుచుండినది.